తంగేడును గింజ నుంచి పెంచుకోవడం ఎలా: అనంతపురం మెట్ట నేలకి సరిపడే పద్ధతి, పాత వాడకాలతో సహా

గట్టు మీద దానంతట అది పూసే తంగేడును పనిగట్టుకుని ఎవరైనా పెంచుతారా? మా ఇంట్లో అందరూ మొదట అడిగిన మాట ఇదే. కళ్యాణదుర్గం వైపు మాకున్న నాలుగెకరాల ఎర్రనేలలో ఒకప్పుడు గట్టు గట్టుకీ తంగేడు ఉండేది. గట్లు సన్నం చేసి రెండు సాళ్లు ఎక్కువ దున్నుకోవడం, కలుపు మందు కొట్టేటప్పుడు చేత్తో చేత్తో గట్టుకి కూడా ఒక చుట్టు కొట్టేయడం, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జేసీబీతో పెళ్లగించడం, ఇవన్నీ కలిసి పదేళ్లలో దాన్ని మాయం చేశాయి. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టడానికి దోసెడు పూలు కావాలంటే బండి వేసుకుని మూడు కిలోమీటర్లు పోవాల్సి వచ్చిన ఏడాది, సరే మనమే వేద్దాం అనుకున్నా. రెండేళ్లు తప్పులు చేశాక కుదిరింది. ఆ తప్పులు మీకు తప్పాలనే ఇంత పొడుగు రాస్తున్నా.

ఒక మాట ముందే చెప్పేస్తా. నా చేతిలో చచ్చిన తంగేడు మొక్కల్లో ముప్పాతిక వంతు ముద్దు ఎక్కువై చచ్చినవే. నీళ్లు పెట్టి చంపాను, ఎరువు వేసి చంపాను, నీడలో దాచి చంపాను. కింద ఎక్కడ నేను "వదిలేయండి" అని రాస్తే అక్కడ నిజంగా వదిలేయండి.

ముందు అది తంగేడేనా చూసుకోండి

ఈ అంగలో తొందర పనికిరాదు, ఎందుకంటే పసుపు పూల మొక్కలు మన దగ్గర అరడజను ఉన్నాయి, అందులో ఒకటి విషం కూడా. మొదటి ఏడాది నేను గింజ జోలికి పోకుండా ఒక నర్సరీలో "తంగేడు మొక్కలు ఉన్నాయా" అని అడిగి ఇరవై తెచ్చుకున్నా. ఏడాది తిరిగేసరికి నా ఎత్తు దాటాయి. పొద మొక్కకి ఇంత మాను ఏంటబ్బా అనుకుంటుండగా పక్క పొలం పెద్దాయన వచ్చి నవ్వాడు. "ఇది సీమ తంగేడప్పా, రోడ్డు పక్కన నీడకి వేస్తారే, ఆ చెట్టు." పేరులో తంగేడు ఉంది కాబట్టి నర్సరీవాళ్లని తిట్టడానికి కూడా లేదు. అందుకే గుర్తులు తెలుసుకోవాలి.

అసలు తంగేడు పొద. మామూలుగా నడుము ఎత్తు నుంచి మనిషి ఎత్తు దాకా, మహా అయితే ఇంకాస్త పెరుగుతుంది. చింతాకులా ఈనెకి రెండు పక్కలా చిన్న చిన్న ఆకులు ఎనిమిది నుంచి పన్నెండు జతలు ఉంటాయి, కొసలు గుండ్రంగా ఉంటాయి. ఒక రెమ్మ తెంపి ఆకు కాడ కొమ్మకి అంటుకునే చోట చూడండి: అక్కడ చెవి ఆకారంలో పచ్చటి రెక్కలు రెండు కొమ్మని పట్టుకున్నట్టు ఉంటాయి. ఇదే అన్నిటికంటే నమ్మకమైన గుర్తు. దీని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా, అందులో రెండో ముక్కకి "చెవులు ఉన్నది" అనే అర్థం, పెట్టినవాడు ఈ రెక్కల్ని చూసే పెట్టాడు. పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులేటా అని ఉంటుంది, రెండూ ఒకటే. ఆకు ఈనె మీద ఒక్కో జత మధ్యలో నిలువుగా చిన్న బుడిపె కూడా ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని చూడాలి. కాయలు పలచగా, బల్లపరుపుగా, ఎండితే కాగితంలా గలగలమంటాయి.

ఇక పొరబడే అవకాశం ఉన్నవి. తగిరిసకి ఆకులు మూడు జతలే, కాయలు సన్నగా పొడుగ్గా వంకర తిరిగి ఉంటాయి, వానలకి లేచి ఎండలకి పోతుంది. రేల పెద్ద చెట్టు, పూలు గొలుసుల్లా కిందికి వేలాడతాయి, దాన్ని ఎవరూ పొరబడరులెండి. జాగ్రత్త పడాల్సింది కసింద దగ్గర. కసిందకి ఆకులు నాలుగైదు జతలే ఉంటాయి, పెద్దవి, కొస సూదిగా ఉంటుంది, నలిపితే వెగటు వాసన. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పల్లె పిల్లలు ఏటా అంతుచిక్కని మెదడు జబ్బుతో చనిపోతుంటే, కారణం వాళ్లు ఆడుకుంటూ తిన్న కసింద గింజలని అక్కడి డాక్టర్లు తేల్చారు. అందుకని ఇంట్లో పిల్లలుంటే రెండు మొక్కల్నీ పక్కపక్కన పెట్టి ఒకసారి చూపించండి. సునాముఖిని కొందరు నేల తంగేడు అంటారు, అది విరేచనాల మందు, దాన్ని టీ పెట్టుకుని తాగితే రోజంతా ఎక్కడ గడుపుతారో మీకే తెలుస్తుంది.

ఎక్కడ వేస్తే బతుకుతుంది

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత మనమే అని బడిలో చదువుకున్న ముక్క ఎవరూ మర్చిపోరు. ఆ వానకే తంగేడు సరిపెట్టుకుంటుంది, ఎందుకంటే పైన మొలక జానెడు కూడా లేనప్పుడే కింద వేరు దానికి రెండింతలు దిగిపోయి ఉంటుంది. ఎర్రనేల, గరప నేల, రాళ్ల గుట్ట వాలు, చెరువు కట్ట బయటి వైపు, ఏదైనా పర్వాలేదు. తాడిపత్రి వైపు నల్లరేగడిలో కూడా గట్టు ఎత్తు మీద వస్తుంది, చేనులో నీళ్లు నిలిచే పల్లంలో మాత్రం కుళ్లిపోతుంది. ఎండ పూర్తిగా తగలాలి. వేప కింద వేసినవి నాకు ఆకులే ఇచ్చాయి, పూలు ఇవ్వలేదు.

కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి పక్కన ఇసుక దిబ్బలు చేలలోకి వచ్చేస్తుంటాయి, అక్కడివాళ్లు ఇసుకలో వస్తుందా అని అడుగుతుంటారు. కదిలే ఉత్త ఇసుకలో గింజ చల్లితే గాలికి గింజే పోతుంది. దిబ్బకి గాలి తగలని వైపు కంప పరిచి, ఇసుక కాస్త నిలబడ్డాక, సంచుల్లో పెంచిన మొక్క పెట్టాలి. అంత ఓపిక ఉంటేనే దిగండి.

కంచెగా వేద్దామనుకునేవాళ్లకి ఒక సంగతి. తంగేడుకి ముళ్లుండవు. వగరుగా, చేదుగా ఉంటుంది కాబట్టి పశువులు, మేకలు పెద్దగా ముట్టవు, అందుకే అన్నీ మేసేసిన బీడులో కూడా ఇదొక్కటి పచ్చగా నిలబడి ఉంటుంది. దాన్ని తినవు గానీ దాన్ని తోసుకుని చేనులోకి వచ్చేస్తాయి. పందుల సంగతి చెప్పనే అక్కర్లేదు. కంచె కావాలంటే బయట కిత్తనార వరస, లోపల తంగేడు వరస వేసుకోండి.

గింజ ఎప్పుడు, ఎట్లా తీయాలి

వానలు మొదలైనప్పటి నుంచి అక్కడక్కడ పూస్తూనే ఉంటుంది, అయితే జోరు సెప్టెంబరు నుంచి సంక్రాంతి దాకా. కాయలు ముదిరి ఎండేది మాఘం, ఫాల్గుణాల్లో. కాయ పచ్చగా ఉన్నప్పుడు కోస్తే గింజ లోపల తోలు తోలుగా ఉంటుంది, మొలవదు. లేత గోధుమ రంగుకి తిరిగి, వేలితో నొక్కితే పుటుక్కుమని విడిపోయే కాయ కావాలి. ఒకే పొద నుంచి మొత్తం కోయకండి, నాలుగైదు పొదల నుంచి తలా గుప్పెడు తీసుకోండి. రిజర్వు ఫారెస్టులో కోయకండి, అక్కడ చట్టం వేరు.

రెండు రోజులు ఎండలో వేసి, గోనె సంచిలో పోసి కర్రతో కొడితే గింజలు రాలతాయి. చేటతో చెరిగి నీళ్లలో పోయండి. తేలినవి పుచ్చులు, పారేయండి. గింజకి గుండుసూది దూరేంత కన్నం కనిపిస్తే పురుగు లోపల తిని బయటికొచ్చిందని లెక్క. మొదటిసారి నేను తెచ్చిన గింజల్లో దాదాపు సగం ఇట్లాంటివే, చూడకుండా డబ్బాలో పోసి పెట్టా, ఉగాదికి తీస్తే డబ్బా నిండా పిండి.

మొలకెత్తించడం: అందరూ ఓడిపోయేది ఇక్కడే

నిక్షేపంలా ఉన్న 200 గింజలు గట్టు మీద విత్తా. ఆరు మొలిచాయి. మా ఊళ్లో మేకలు కాసే ఒక అవ్వ గట్టు మీద కూచుని ఆకు నములుతూ నా అవస్థ చూసింది.

"ఏమి నాయనా, తంగేడు గింజ యేసినావంట?"

"అవునవ్వా, మొలవలేదు."

"ఉడుకునీళ్లు పోసినావా?"

"గింజకి ఉడుకునీళ్లా? చచ్చిపోదా?"

"చావదు లేబ్బా. దాని తోలు రాతి మాదిరి ఉంటాది. నీళ్లు లోపలికి పోకపోతే యా కాలానికి మొలుస్తాది?"

ఆమె చెప్పిందే అసలు కిటుకు. తంగేడు గింజ పైతొక్కలోంచి నీళ్లు దిగవు. అడవిలో అయితే ఎండకి కాగి, మంచుకి తడిసి, మట్టిలో రాసుకుని ఆ తొక్క పగలడానికి ఒకటి రెండేళ్లు పడుతుంది, అన్ని గింజలూ ఒకే వానకి లేచి ఒకే కరువుకి చావకుండా మొక్క చేసుకున్న ఏర్పాటది. మనకి అంత టైం లేదు కాబట్టి ఇలా చేయండి.

గిన్నెలో నీళ్లు తెర్లనివ్వండి. పొయ్యి మీద నుంచి దించి ఐదు నిమిషాలు ఆగండి. పొయ్యి మీద ఉండగానే గింజలు వేస్తే మాత్రం ఉడికిపోతాయి, అవ్వ మాట సగం విని నేను ఒక విడత అదే చేశా. గింజల్ని వేరే గిన్నెలో పోసి, వాటికి ఐదారింతలు ఉండేలా ఈ నీళ్లు పోసి, మూత పెట్టి, రాత్రంతా వదిలేయండి. పొద్దున చూస్తే కొన్ని ఉబ్బి, నాని, తొక్క మెత్తబడి ఉంటాయి, కొన్ని నిన్న ఎట్లా ఉన్నాయో ఇవాళా అట్లాగే గట్టిగా ఉంటాయి. ఉబ్బినవి ఏరి ఆ రోజే విత్తాలి, ఎండబెట్టకూడదు. ఉబ్బనివాటికి మళ్లీ అదే స్నానం. రెండోసారికీ ఉబ్బకపోతే గరుకు కాగితం మీద గింజ అంచుని నాలుగు గీతలు గీసి నానబెట్టండి. పాతిక, యాభై గింజలైతే మొదటి నుంచే గరుకు కాగితం నయం, నీళ్ల వేడి గురించి టెన్షన్ ఉండదు. ఇసుక కలిపి రోట్లో వేసి రోకలితో మెల్లగా, దంచకుండా, తిప్పినా పనవుతుంది.

విత్తడం

రెండు దారులు. మొదటిది నేరుగా గట్టు మీదే విత్తడం. తంగేడుకి తల్లి వేరు లోతుగా పోతుంది కాబట్టి ఎక్కడ మొలిచిందో అక్కడే ఉండనివ్వడం దానికి మంచిది, నా ఓటు దీనికే. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో ఒక మంచి వాన పడి జానెడు లోతు తడిశాక, మూడడుగులకి ఒక చోట చిన్న గుంత చేసి, మూడు నాలుగు గింజలు గోరు మందం లోతులో వేసి మట్టి కప్పండి. మన జిల్లాలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. జూలైలో మొలిస్తే ఆ వానల నాటికి వేరు లోపలికి దిగి ఉంటుంది, అప్పుడు పడిన నీళ్లే వచ్చే వేసవిని దాటిస్తాయి. సెప్టెంబరులో విత్తిన వాటికి ఆ అవకాశం తక్కువ. మామూలుగా వారం నుంచి రెండు వారాల్లో మొలకలు కనిపిస్తాయి. బాగా మొలిచిన గుంతలో బలమైన ఒకదాన్ని ఉంచి మిగతావి కత్తిరించండి, పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

రెండో దారి సంచులు. వేయాలనుకున్న చోటు రాతి వాలైనా, ఇసుకైనా, ఇంటి ముందు పది మొక్కలు చాలన్నా ఇది సరిపోతుంది. ఎర్రమట్టి రెండు వంతులు, ఇసుక ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు. పచ్చి పేడ వద్దు. సంచి వెడల్పు కంటే లోతు ముఖ్యం. ఏప్రిల్ చివర్లో వేస్తే జూలైకి నాటడానికి వస్తాయి. వేరు సంచి అడుగుకి తగిలి చుట్టలు చుట్టుకోకముందే నాటేయాలి, చుట్టుకున్న వేరుతో నాటిన మొక్క రెండో వేసవిలో ఒక్కసారిగా వాలిపోతుంది, ఏమైందో కూడా తెలియదు. గుంత అడుగు లోతు, అడుగు వెడల్పు. నాటిన రోజు ఒక బిందె నీళ్లు.

మొదటి రెండేళ్లు

మొదటి వేసవిలో మొక్క ఆకులు రాల్చి పుల్లలా నిలబడితే భయపడకండి. గోటితో బెరడు కొద్దిగా గీకండి, లోపల పచ్చగా ఉందంటే బతికే ఉంది. నాటిన మొక్కకైతే మార్చి నుంచి మే దాకా పదిహేను రోజులకి ఒక బిందె పోస్తే చాలు, నేరుగా విత్తినదానికి అదీ అక్కర్లేదు. నేను డ్రిప్పు పైపు మీద ఒక రంధ్రం పెట్టి చీనీ (బత్తాయి) చెట్లతో పాటు దీనికీ నీళ్లు ఇచ్చా. మూడు నెలలు నవనవలాడింది, నాలుగో నెల మొదలు నల్లబడి పడిపోయింది. చీనీ తాగే నీళ్లు తంగేడు తాగలేదు.

యూరియా అసలు వద్దు. ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. కాయ చూసి ఇది కంది, పెసరల మాదిరి గాలిలో నత్రజనిని వేరు బుడిపెల్లో దాస్తుంది అనుకుంటారు. చాలా చోట్ల అట్లా రాసి కూడా ఉంటుంది. ఈ జాతి మొక్కల వేళ్లకి ఆ బుడిపెలు రావు. ఒక మొక్కని మట్టితో సహా లేపి, వేరు కడిగి చూడండి, ఏమీ ఉండదు. అయినా తంగేడాకు చేనుకి బలమే, ఎందుకంటే మన పంటల వేళ్లు అందుకోలేని లోతు నుంచి తెచ్చిన సారం ఆ ఆకులో ఉంటుంది.

రెండో ఏడాది, బాగా కుదిరితే మొదటి ఏడాది చివర్లోనే, పూత కనిపిస్తుంది. సంక్రాంతి అయ్యాక, గింజకి కావలసిన కాయలు గల కొమ్మల్ని వదిలి, మిగతా కొమ్మల్ని మోకాలి ఎత్తున నరికేయండి. నరికిన చోట నుంచి నాలుగు కొత్త రెమ్మలు వస్తాయి, పూలు వచ్చేది కొత్త రెమ్మల కొసలకే. నరకని పొద మూడేళ్లకి కింద బోడిగా, పైన జడలు కట్టి వికారంగా తయారవుతుంది.

పసుపుపచ్చ, తెల్ల సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టి, పచ్చ పురుగులు వారంలో ఆకంతా తినేస్తాయి ఒక్కోసారి. మందు కొట్టకండి. పది రోజుల్లో పురుగు పోతుంది, వాన పడగానే మళ్లీ చిగురిస్తుంది.

పూల దగ్గర కాసేపు

పొద్దున ఏడింటికి పూసిన పొద ముందు నిలబడితే మొదట వినపడేది మోత. పెద్ద నల్ల తుమ్మెద పువ్వుని కాళ్లతో వాటేసుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా ఝుమ్మని అదిరిస్తుంది. ఈ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కూడా మామూలు పూలలో లాగా బయట అంటుకుని ఉండదు, గొట్టాల్లాంటి కేసరాల కొసన సన్న కన్నం ఉంటుంది, అదిరిస్తేనే ఆ కన్నంలోంచి పిండిలా రాలుతుంది. కొన్ని కేసరాలు పొడుగ్గా కొడవలిలా వంగి తుమ్మెద వీపు మీద పుప్పొడి చల్లుతాయి, అదే పక్క పువ్వుకి చేరి కాయ అవుతుంది. తేనెపెట్టెలు పెట్టేవాళ్లు తంగేడుని నమ్ముకోవద్దని చెప్పడానికి ఇదంతా చెప్పా. ఇంకోటి, పూలన్నీ కోసేస్తే తుమ్మెదలు ఆ పక్కకి రావడం మానేస్తాయి, మీ గింజ పోతుంది.

కోతకి మంచు ఆరాక, ఎండ ముదరకముందు వెళ్లండి. ఆ రోజు విచ్చిన పువ్వు రేకలు బిగువుగా మెరుస్తుంటాయి, నిన్నటిది కాస్త వాడి నారింజ ఛాయకి తిరుగుతుంది. పొదకి మూడో వంతు మించి తీయొద్దు. తాగడానికీ తినడానికీ అయితే హైవే పక్కవి, మందు కొట్టిన చేల గట్లవి ముట్టుకోవద్దు. ఇంటికి తెచ్చి తెల్ల గుడ్డ మీద పరిచి అరగంట వదిలేస్తే లోపలి చిన్న పురుగులు వాటంతట అవే బయటికి వస్తాయి. తొడిమలు గిల్లి, నీడలో, గాలి తగిలే చోట, మూడు నాలుగు రోజులు ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు పోతుంది. చేత్తో నలిపితే పొడి కావాలి, మెత్తగా ఉంటే బూజు పడుతుంది. కిలో పూలు ఆరితే నాకు పావు కిలో కూడా మిగల్లేదు, కాబట్టి డబ్బా నింపాలన్న ఆశ పెట్టుకోకండి.

వాడకాలు, ఎవరి దగ్గర ఏది

కషాయం సులువు. గ్లాసు నీళ్లు మరిగాక చెంచాడు ఎండు రేకలు వేసి, మూడు నాలుగు నిమిషాలు సన్న మంట మీద ఉంచి వడకట్టండి. లేత బంగారు రంగు వస్తుంది, కొద్దిగా వగరు, చిటికెడు బెల్లం చాలు. శ్రీలంకలో దీన్ని రణవర అంటారు, అక్కడ మామూలు టీ తాగినంత సహజంగా తాగుతారు. తమిళులకి ఇది ఆవారం. ఆవారం పూసిన చోట చావు చూసినవాళ్లెవరు అని వాళ్లకొక సామెత కూడా ఉంది. వాళ్లే పూలని పెసరపప్పుతో కూటులా వండుతారు: పప్పు పలుకుగా ఉడికాక, కేసరాలు తీసేసిన రేకలు గుప్పెడు వేసి, రెండు ఉడుకులు రానిచ్చి, కొబ్బరి, జీలకర్ర నూరి కలిపి తాలింపు. నేను చేశా, బాగుంది, మా అబ్బాయి మాత్రం మునగపువ్వే నయం అన్నాడు.

సున్నిపిండికి కిలో పెసలకి 100 గ్రాముల ఎండు పూలు, గుప్పెడు మెంతులు, నాలుగు కచ్చూరాలు, కొంచెం పసుపు వేసి మర పట్టించండి. కొత్తగా వాడేవాళ్లు ముందు మోచేతి లోపల రాసి ఒక రోజు చూసుకోండి.

చిటికెన వేలంత పుల్ల పళ్లు తోముకోవడానికి బాగుంటుంది, వేప కంటే చేదు తక్కువ. ఎండలో పనికి పోయేవాళ్లు తలపాగా కింద తంగేడాకు పెట్టుకోవడం మా తాత చేసేవాడు, చల్లగా ఉంటుందనేవాడు. బెణికినా, చెయ్యి విరిగినా ఆకు నూరి కోడిగుడ్డు తెల్లసొనతో పట్టు వేసే అలవాటు పల్లెల్లో ఉంది. బెణుకు వరకూ మీ ఇష్టం, ఎముక అనుమానం ఉంటే ముందు ఎక్స్‌రే తీయించుకోండి.

పొలానికి మాత్రం నేను గట్టిగా చెప్పేది పచ్చాకే. వరి మడి దమ్ము చేసేటప్పుడు తంగేడు రొట్ట తెచ్చి బురదలో తొక్కడం మన పెద్దవాళ్లు ఎప్పటి నుంచో చేసిందే. ఇప్పుడు మా వైపు వరి తక్కువ, అందుకని జనవరిలో నరికిన కొమ్మల్ని అలాగే చీనీ పాదుల్లో నాలుగు వేళ్ల మందం పరుస్తా. వేసవంతా తేమ నిలుస్తుంది, వానాకాలానికి మాగి మట్టిలో కలిసిపోతుంది.

ఇక చెక్క. తంగేడు బెరడులో తోలుని పదును చేసే వగరు పదార్థం ఉంటుంది, టానిన్ అంటారు, ఎండు బెరడు బరువులో దాదాపు ఐదో వంతు అదే. ఇంగ్లీషులో దీనికి తోలు పదును చేసేవాళ్ల కాసియా అనే అర్థం వచ్చే పేరు పెట్టింది అందుకే. మదరాసు నుంచి విదేశాలకి పోయిన తోళ్లు ఎన్నో ఏళ్లు దీనితోనే పదునయ్యాయి, తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క వచ్చి దీన్ని పక్కకి నెట్టింది. మన ఊళ్లలో ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలే రోజుల్లో, నీళ్లు చేదే తోలు బాన కుట్టడానికి, చెప్పులు కుట్టడానికి తోలు కావాలంటే సున్నం నీళ్లలో వెంట్రుక వదిలించి, తంగేడు చెక్క దంచి నానబెట్టిన నీళ్లలో రోజుల తరబడి ఊరేసేవాళ్లు. ఇంట్లో సరదాకి చేయాలనుకునేవాళ్లకి ఒకటే మాట: ఇనుప పాత్ర వాడొద్దు, టానిన్ ఇనుముతో కలిస్తే నల్ల సిరాలా అవుతుంది, తోలు మచ్చలు పడుతుంది. బెరడు కోసం పొద మొదలు చుట్టూ ఒలిస్తే పొద చస్తుంది. ఎటూ నరికేసిన కొమ్మల బెరడు ఒలుచుకోండి.

షుగరుకి మంచిదట కదా అని అడిగేవాళ్లకి

రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో పూల సారం చక్కెర తగ్గించింది, నిజమే. మీరు ఎలుక కాదు, పైగా మీరు ఇప్పటికే మాత్ర వేసుకుంటున్నారు. మాత్ర, కషాయం రెండూ కలిసి చక్కెర మరీ పడిపోతే కళ్లు తిరిగి పడిపోతారు. మూర్ఛకి వాడే కార్బమజెపైన్ మందు విషయంలో కూడా శ్రీలంకలో ఎలుకల మీద చూశారు, ఈ టీ తాగించినప్పుడు రక్తంలో ఆ మందు పెరిగింది. కాలేయానికి చెరుపు చేసే జాతి పదార్థాలు కూడా ఈ మొక్కలో ఉన్నట్టు అక్కడివాళ్లే చెప్పారు. అందుకని నా లెక్క ఇది: వారానికి ఒకటి రెండుసార్లు ఒక కప్పు, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, చిన్నపిల్లలకి, రోజూ మందులు వాడేవాళ్లకి డాక్టరుని అడగకుండా వద్దు. మాత్రలు మానేసి ఇది తాగుతా అనేవాళ్లకి మా ఇంట్లో నేను పూలు ఇవ్వను, మొహమాటం లేదు.

పండగ పూలు

కర్నూలు దగ్గర తుంగభద్ర దాటితే తంగేడు అంటే బతుకమ్మే, పేర్చేటప్పుడు గునుగు, తంగేడు లేకపోతే కుదరదు. 2014లో తెలంగాణ దీన్ని రాష్ట్ర పుష్పంగా పెట్టుకుంది. మన సీమలో సంక్రాంతి గొబ్బెమ్మల మీద గుమ్మడి పువ్వు పక్కన కూచుంటుంది. దసరాకే పూలు ఎక్కువ కావాలనుకుంటే జూన్ తొలి వానకి ఇంకోసారి కొసలు గిల్లండి, కొత్త రెమ్మలు గుబురుగా వస్తాయి. కోసిన రెమ్మలు మధ్యాహ్నానికి వాడిపోతాయి, ముందురోజు సాయంత్రం కోసి బకెట్ నీళ్లలో నిలబెట్టి తడిగోనె కప్పితే తెల్లారేదాకా నిలుస్తాయి.

గింజకి వదిలిన కాయల్ని మాత్రం పండగ సందట్లో మర్చిపోకండి. మార్చిలోపు దించి, ఏరి, నీళ్లలో తేలినవి పారేసి, బాగా ఆరిన తర్వాత సీసాలో అడుగున బూడిద, పైన ఎండు వేపాకు వేసి బిగించి పెట్టండి. సీసా మీద ఏడాది రాసి అతికించండి. నా దగ్గర మూడేళ్ల నాటి గింజ కూడా ఉడుకునీళ్లు పోస్తే ఉబ్బింది.